మడతల మధ్య మిగిలిన గుడ్డ

“ఆ చిన్నగది ఖాళీ చెయ్యాలి. ఆదివారం అమ్మ వస్తోంది” అన్నాడు భర్త, పేపరులోంచి తల ఎత్తకుండా.

టైలరమ్మ అప్పుడు పక్కింటివాళ్ల సంచికి జిప్పు మారుస్తోంది. దారం పళ్ల మధ్య ఉండటంతో వెంటనే ఏమీ అనలేకపోయింది. దారం తెంపి, “ఏ గది?” అంది, ఇంట్లో చిన్నగదులు నాలుగైదు ఉన్నట్టు.

“ఎన్నున్నాయేంటి మనకి? నీ గుడ్డల గోదాం.”

అత్తగారు వరండాలో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఇక ఒంటరిగా ఉండే వీల్లేదు. ఆడపడుచు ఇంట్లో మెట్లు ఎక్కువ. మరిది ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. ఇవన్నీ ఫోన్లలో తేలిపోయిన సంగతులు. ఆ ఫోన్లు నడిచినంతసేపూ టైలరమ్మ వంటింట్లోనే ఉంది. ఆమెను ఎవరూ ఒక్క ముక్క అడగలేదు.

“నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా” అన్నాడు భర్త. ఆ మాట ఆమెకు జిప్పు పట్టుకున్న వేలి మీద సూది దిగినట్టయింది.

ఆమె ఇంట్లో ఉండటం మొదలై నెల కూడా కాలేదు. అంతకుముందు ఊళ్లోని పెద్ద ఆసుపత్రిలో, బట్టలుతికే గది పక్కన, కిటికీ లేని గదిలో కుట్టుమెషీను ముందు పనిచేసేది. చిరిగిన దుప్పట్లకు అతుకులు వేసేది, దిండు గలీబులు కుట్టేది, రోగుల గౌన్లకు వెనక నాడాలు పెట్టేది. టైలరమ్మ అని ముందు పిలిచింది వార్డు ఆయాలే. ఆ పేరు ఆసుపత్రి దాటి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చేసింది. ఆసుపత్రి చేతులు మారాక కొత్తవాళ్లు దుప్పట్ల పని బయటి కంపెనీకి ఇచ్చేశారు. చిరిగితే పారేస్తారట, కుట్టరట. ఓ గోడ గడియారం చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టి పంపించేశారు. కరెంటాఫీసులో పనిచేసిన భర్త అప్పటికే రిటైరై హాల్లో కుర్చీకి అతుక్కుపోయి ఉన్నాడు. “మంచిదేలే, ఇక ఇద్దరం విశ్రాంతి తీసుకోవచ్చు” అని, “టీ పెట్టు” అన్నాడు.

అతను చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు, గొంతు పెంచడు. ఆ సంగతి పుట్టింటివాళ్లూ మెట్టినింటివాళ్లూ ఆమెకు ఎన్నిసార్లు గుర్తు చేశారంటే, అతను చెయ్యని ఆ పనులన్నీ అతను ఆమె కోసం చేసిపెట్టిన పనుల్లా లెక్కలోకి వచ్చేశాయి.

చిన్నగదిలో ఒక కుట్టుమెషీను, ఒక ఇనుప బీరువా, మూల రెండు ట్రంకుపెట్టెలు. బీరువా తలుపు తీస్తే గుడ్డలు మీద పడతాయి. పెళ్లయి వెళ్లిన కూతురు చిన్నప్పుడు దాని ముందు చేతులు చాచి నిలబడి, పడే గుడ్డను పట్టుకుని ఆడుకునేది. ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో బస్‌స్టాపు వెనక ఓ కట్‌పీసుల కొట్టు ఉండేది. గుడ్డల తానుల చివర మిగిలిన మంచి ముక్కల్ని కొట్టు అతను ఆమె కోసం పక్కన పెట్టేవాడు. జీతం రోజు ఆమె అక్కడ ఆగేది. చుక్కల పాప్లినో, గీతల నూలో, పువ్వుల మల్లో, వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి కొనేది. ఇది నాకు, ఈ ఆదివారం కుట్టుకుంటాను అనుకునేది. బస్సు దిగేదాకా ఆ గుడ్డ ఆమెదే. ఇంట్లో అడుగుపెట్టేసరికి వరసలో ఆఖరుకు పోయేది. ఎందుకంటే మెషీను మీద అప్పటికే భర్త ప్యాంటు ఉండేది, అంచు మడవాలి. దాని కింద ఆడపడుచు పిల్లల స్కూలు బట్టలు. దాని కింద మరిదిగారింటి పరదాలు. “నీ చేతిలో పనేగా”, “ఐదు నిమిషాల పనేగా”, “నీకిది సరదాయేగా.” ఆ ఐదేసి నిమిషాల్లో ఆమె ఆదివారాలన్నీ అయిపోయాయి. సరదా అనే మాట ఎవరు కనిపెట్టారో గాని, జీతం ఇవ్వకుండా పని చేయించుకోవడానికి అంతకన్నా మంచి మాట లేదు.

“బట్టల కొట్టు పెడతావా ఏంటి?” అనేవాడు భర్త, కొత్త ముక్క కనిపించినప్పుడల్లా. నలుగురి ముందైతే “మా ఆవిడ పోయాక ఈ గుడ్డలన్నీ కప్పి పంపిస్తాను” అని నవ్వించేవాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది.

“ఎవరికైనా ఇచ్చెయ్ అవన్నీ” అన్నాడిప్పుడు. “ఇన్నేళ్లుగా ముట్టనిదానివి, ఇప్పుడేం ముట్టుకుంటావ్?”

ఎగతాళి అయితే ఆమె పట్టించుకునేది కాదు. అతను మామూలుగా, నిజం చెబుతున్నట్టు అన్నాడు. అది నిజమే.

ఇచ్చేద్దామనే కూర్చుంది. గది మధ్యలో నేల మీద దుప్పటి పరిచి, ఒక్కో గుడ్డా తీసి పేర్చసాగింది. నీలం మీద తెల్ల చుక్కల పాప్లిన్ చేతికి వచ్చింది. దాన్ని ఎందుకు కొన్నదీ బాగా గుర్తు. కుట్టు విభాగంలో సూపర్వైజరు పని ఇస్తామని, ముందు వేరే ఊళ్లో శిక్షణకు వెళ్లాలని ఆసుపత్రివాళ్లు అన్నారు. శిక్షణకు వేసుకుని వెళ్లాలని కొంది. విప్పి చూద్దామని రెండు కొసలూ పట్టుకుని విదిలించింది. చర్రున చప్పుడైంది.

గుడ్డ మడత దగ్గర చిరిగింది. ఎవరూ లాగలేదు, మేకుకు తగల్లేదు. ఇన్నేళ్లు ఒకే మడతలో ఉండి ఉండి ఆ గీత వెంబడే నూలు చివికిపోయింది. ఇంకో మడత తడిమింది. అదీ అంతే. ఇంకో గుడ్డ తీసింది, పసుపు గీతలది. ఆపైన ఎర్ర మల్లు. కొన్ని గట్టిగా ఉన్నాయి. చాలావాటికి మడత పడినచోట రంగు పోయి తెల్లటి గీత ఏర్పడింది, వేలితో నొక్కితే వేలు దిగిపోతోంది. చిమ్మట కొట్టలేదు, తడి తగల్లేదు, ఎవరూ వాడలేదు. బీరువాలో భద్రంగా ఉండటం వల్లే పాడయ్యాయి.

ఉద్యోగం పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఎంతోసేపు కాదు. ముక్కు తుడుచుకోవడానికి చేతికందిన గుడ్డ కూడా కొత్తదే అయ్యేసరికి ఆమెకు నవ్వొచ్చింది.

నవ్వాక బుర్ర పనిచేసింది. ఈ గుడ్డతో గౌను రాదు, పరదా రాదు. నిలువుగా ఎక్కడ కోసినా మడత అడ్డం వస్తుంది. కానీ మడతకీ మడతకీ మధ్య గుడ్డ కొన్ననాటిలాగే ఉంది, రంగూ బిగువూ చెక్కుచెదరలేదు. కత్తెర తెచ్చింది. చివికిన గీతలకు అటూ ఇటూ కోసేసి, మధ్యలోని మంచి గుడ్డను పలకలుగా కత్తిరించింది. కాసేపటికి నేల మీద రంగురంగుల పలకలు పరుచుకున్నాయి. వాటి పక్కన సన్నటి, చివికిన పేలికల కుప్ప. బొంత కుడతాను అనుకుంది. ఎవరి కోసమన్న ఆలోచనే రాలేదు.

ఆదివారం అత్తగారు వచ్చింది, ఇద్దరు మనుషుల భుజాల మీద. గదిలో ఆవిడ మంచం పడ్డాక మెషీనుకి చోటు లేక, మంచం కాళ్ల వైపు గోడకు ఆనించారు.

ఆ తర్వాత రోజులన్నీ ఒకటే తీరు. పొద్దున్నే లేపడం, బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం, బట్ట మార్చడం, పక్కకి తిప్పడం, మందులు, తిండి, కాలి వ్యాయామం, మళ్లీ తిప్పడం. భర్త కూడా సేవలో ఉన్నాడు. అతని సేవ హాల్లోంచి వినపడేది. “ఇదిగో, అమ్మ పిలుస్తోంది!” “అమ్మకి మందిచ్చావా?” ఎవరైనా చూడ్డానికి వస్తే, “అమ్మని మేమే చూసుకుంటున్నాం” అనేవాడు. ఆ ‘మేము’లో తన వాటా ఎంతో ఆమె ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్లు అతని భుజం తట్టి వెళ్లేవాళ్లు.

అత్తగారి నోరు కాలిలాగా మూలపడలేదు. “నీ మెషీను చప్పుడుకి నా తుంటిలో మేకులు ఊడిపోతున్నాయి” అంది మొదటిరోజే. టైలరమ్మ మెషీను మీద కవరు వేసి, మంచం పక్కన స్టూలు వేసుకుని చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. చేతికుట్టు నెమ్మది. పలకకు పలక జోడించి చిన్నచిన్న కుట్లు వేస్తూ పోతే మధ్యాహ్నానికి ఒక వరస. ఆ వరసలో నాలుగుసార్లు లేవాలి, ఆవిడ కోసం రెండుసార్లు, తలుపు కోసం ఓసారి, టీ కోసం ఓసారి. అయినా లేచి వచ్చేసరికి సూది ఆపినచోటే ఉండేది. ఆమె జీవితంలో ఎక్కడ ఆపితే అక్కడే ఆమె కోసం ఆగే పని అదొక్కటే.

మొదట అత్తగారు గోడ వైపు తిరిగి పడుకునేది. తర్వాత ఇటు తిరిగింది.

“ఆ ఎరుపు పక్కన ఆ పచ్చ ఏంటి? కళ్లు పోతాయి.”

“అయితే ఏది పెట్టమంటారు?”

“నన్నడిగితే? నాకేం తెలుసు.” అంటూనే, “ఆ బూడిదరంగు ఇలా తే” అంది.

అలా రోజుకు రెండు మాటలు. ఓ మధ్యాహ్నం ఆవిడ ఓ పలకను వేళ్ల మధ్య నలిపి చూసి, “మంచి గుడ్డ. కుట్టుకోకుండా దాచుకున్నావేం?” అంది. నీలం మీద తెల్ల చుక్కలది.

టైలరమ్మ చెప్పింది. శిక్షణ సంగతి, సూపర్వైజరు పని సంగతి. బయల్దేరాల్సిన ముందురోజు, ఇంటికి వచ్చి ఉన్న అత్తగారికి జ్వరం వచ్చిన సంగతి. “అమ్మని ఇలా వదిలేసి ఎలా వెళ్తావ్?” అని భర్త గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆ పని ఇంకొకామెకు వెళ్లింది. ఆ ఇంకొకామె కిందే ఆసుపత్రి వదిలేదాకా పనిచేసింది.

ఇన్నేళ్లు లోపల దాచుకున్న మాట. అత్తగారు ఏమంటుందో అని చూసింది. కోప్పడుతుందో, సమర్థించుకుంటుందో.

ఆవిడ నిజంగానే ఆలోచించింది. నుదురు చిట్లించింది. “జ్వరమా? నాకు గుర్తు లేదే” అంది.

అబద్ధం కాదు. నిజంగానే గుర్తు లేదు. రెండు మాత్రలతో తగ్గిపోయిన జ్వరం, ఎవరికి గుర్తుంటుంది? టైలరమ్మ తలాడించి, సూదిలో దారం ఎక్కించుకుంది. తను పోగొట్టుకున్నది ఎవరి దగ్గరైనా ఉందేమో, ఏదో ఒకనాడు తిరిగి అడగొచ్చేమో అని ఎక్కడో ఆశ ఉండేది కాబోలు. ఎవరి దగ్గరా లేదు. అది తెలిశాక మనసు తేలికైందో బరువైందో ఆమెకే అర్థం కాలేదు. ఆ వరస మాత్రం పూర్తయింది.

బొంత పైభాగం సగం దాటిన రోజుల్లో ఆడపడుచు తల్లిని చూడ్డానికి వచ్చింది. తల్లిని చూడ్డం అయిపోయాక బొంతను చూసింది. “అబ్బ, ఎంత బాగుందే! ఇలాంటివి కొట్లలో దొరకవు. అమ్మాయ్, ఇది నాకే” అంది. టైలరమ్మ నోరు తెరిచేలోగా భర్త, “తీసుకో అక్కా, దానికేముంది. మా ఆవిడకి వేరే పనేముంది, ఇంకోటి కుట్టుకుంటుంది” అన్నాడు. అతనికి ఉదారంగా ఉండటం ఇష్టం. ముఖ్యంగా భార్య చేతి పనితో.

టైలరమ్మ సూదిని గుడ్డలో గుచ్చి లేచి, కప్పులు కడగడానికి వెళ్లింది. ఒక కప్పునే చాలాసేపు కడిగింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు సాయంత్రం పూట నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో సీనియర్ నర్సు, టైలరమ్మకు ఉన్న ఒకే ఒక స్నేహితురాలు. వస్తూనే అత్తగారి కాలు చూసి, పడుకున్న తీరు చూసి, “పుండ్లు పడకుండా చూసుకున్నావ్, అదే గొప్ప” అంది. హాల్లో కూర్చుని టీ తాగుతూ, “అయినా నువ్వు అలా అంటావనుకోలేదు. కొంచెం బాధేసింది” అంది.

“ఎలా అన్నాను?”

“ఆ ఉద్యోగం వద్దన్నావటగా.”

టైలరమ్మకు ఏమీ అర్థం కాలేదు. నర్సమ్మ కుర్చీలో ఉన్న టైలరమ్మ భర్త వైపు చూసింది, మళ్లీ ఈమె వైపు చూసి నెమ్మదిగా చెప్పింది. ఊరి చివర కొత్తగా ఓ చికిత్సా కేంద్రం తెరిచారు. పక్షవాతం వచ్చి చేతుల్లో పట్టు పోయినవాళ్లకి సూదిపని నేర్పిస్తే వేళ్లు మళ్లీ స్వాధీనంలోకి వస్తాయట. నేర్పడానికి ఓపికున్న మనిషి కావాలన్నారు. ఈమె పేరు నర్సమ్మే చెప్పింది. వాళ్లు ఇంటికి ఫోన్ చేశారు. ఆమెకు ఖాళీ లేదు, ఉద్యోగాలు చేసే ఉద్దేశం లేదు అని మగమనిషి గొంతు చెప్పిందట.

భర్త తడబడలేదు. “అవును, నేనే చెప్పాను” అన్నాడు. “అప్పుడు నువ్వు అమ్మకి ఒళ్లు తుడుస్తున్నావు. అడిగితే నువ్వు మాత్రం ఏమంటావు? అమ్మని వదిలేసి వెళ్తావా? నీకెందుకు మళ్లీ ఆలోచన, బాధ అని నేనే తేల్చేశాను.” అతని మొహంలో తప్పు చేసిన జాడ లేదు. వాననీళ్లు ఇంట్లోకి రాకుండా కిటికీ మూసి వచ్చినవాడిలా ఉన్నాడు.

నర్సమ్మ కప్పు కింద పెట్టింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, “ఇంకా ఎవర్నీ తీసుకోలేదు. సోమవారం దాకా చూస్తారు” అంది, టైలరమ్మకు మాత్రమే వినపడేలా.

చిన్నగదిలోకి వెళ్లేసరికి అత్తగారు కళ్లు తెరుచుకునే ఉంది. గోడలు పల్చనివి, అంతా విన్నది.

“వెళ్తావా?” అంది.

“వెళ్లాలనుంది.”

“వెళ్తే నన్నెవరు చూస్తారు?”

ఆ గొంతులో పెత్తనం లేదు. భయం ఉంది. టైలరమ్మ మంచం మీదే కూర్చుంది. “ఒళ్లు తుడవడానికి పొద్దున పూట ఆయాని పెడదాం. దాని జీతం మీ ముగ్గురు పిల్లలూ కలిసి పెట్టుకుంటారు. మిగతా రోజంతా మీ అబ్బాయి ఉంటాడు.”

“వాడా! వాడికి ఇంట్లో చెంచా ఎక్కడుంటుందో తెలీదు.”

“మీకు తెలుసుగా. పడుకునే చెప్పండి.”

“నేను వెళ్లమని చెప్పను” అంది అత్తగారు. “అలా అని నా పేరు చెప్పి ఆగకు. రేప్పొద్దున అది కూడా నాకు గుర్తుండదు.”

టైలరమ్మ వంగి ఆవిడ దిండు సరిచేసింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ ఆమెతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది అదే మొదటిసారి.

మర్నాడు ఉదయం ముందు ఫోన్ ఆడపడుచుకి చేసింది. ఆయా సంగతి మాట్లాడింది. ఆవిడ అటు నుంచి “అదేంటమ్మాయ్, నువ్వుండగా బయటి మనిషి ఎందుకు?” అంటే, “నేనుండను కాబట్టి వదినా” అంది. పెట్టేయబోతూ, “ఇంకో మాట. బొంత ఇవ్వను” అంది. ‘ఇవ్వలేను’ అనో, ‘ఇంకోటి కుట్టిస్తాను’ అనో సర్దుబాటు మాట వస్తుందని ఆవిడ ఎదురుచూసింది. టైలరమ్మ కూడా తన నోట్లోంచి అదే వస్తుందేమో అని ఒక్క క్షణం భయపడింది. రాలేదు. ఫోన్ పెట్టేసింది.

రెండో ఫోన్ కేంద్రానికి. ఈసారి వాళ్లు విన్నది ఆమె గొంతే.

తర్వాత భర్త ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. మామూలుగా అతను తింటుంటే ఆమె నిలబడి ఉంటుంది. అందుకే ఆమె కూర్చోగానే అతను తినడం ఆపాడు.

“సోమవారం నుంచి పనికి వెళ్తున్నాను.”

“అమ్మ సంగతి?”

“మీరు చూస్తారు.”

“నేనా?” నిజంగా ఆశ్చర్యపోయాడు. “నాకేం తెలుసు? మందులు ఏవో, ఎలా తిప్పాలో, నాకేమైనా వచ్చా?”

“నాకూ పుట్టుకతో రాలేదండీ. మూడురోజులుంది, నేర్పిస్తాను.”

అతను చాలా అన్నాడు. ఈ వయసులో అన్నాడు, నలుగురూ ఏమనుకుంటారన్నాడు, నేనేం లోటు చేశానన్నాడు. ఆమె వాదించలేదు. ప్రతి మాటకూ ఆగి, విని, “సరే, ముందు తిప్పడం చూద్దాం, రండి” అంది. మూడురోజులూ నేర్పింది. భుజం కింద చెయ్యి ఎలా పెట్టాలి, దిండు ఎక్కడ ఇరికించాలి, పాన్ ఎలా పెట్టాలి. పాన్ దగ్గర అతను మొహం తిప్పుకుంటే, అత్తగారే “ఒరేయ్, నీవి నేను తియ్యలేదురా?” అంది.

బొంత ఆ వారాంతంలోనే పూర్తయింది. పై పొరకీ అస్తరుకీ మధ్య పాత దుప్పటి పరిచి, టాకాలు వేసి, అంచు కట్టింది. తన మంచం మీద, తన వైపు పరుచుకుంది.

సోమవారం కేంద్రంలో మొదటి మనిషి ఓ బస్సు డ్రైవరు. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. లావు సూదిని పట్టుకోవడానికే పావుగంట పట్టింది. సూది కింద పడినప్పుడల్లా అతను తిట్టుకున్నాడు. ఆమె తీసి ఇచ్చింది. మధ్యాహ్నానికి ఒక వంకర కుట్టు పడింది. అతను దాన్ని మిగతావాళ్లందరికీ చూపించాడు, ఆమె పేరు అడిగాడు. చెప్పింది, అసలు పేరే. నోటితో పలికి చాలా కాలమైంది, తనకే కొత్తగా వినిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల మీద గిన్నెలు, నేల మీద తడి తువ్వాలు, వంటింట్లో ఏదో మాడిన వాసన. చిన్నగదిలో అత్తగారు శుభ్రమైన బట్టల్లో, కాస్త వంకరగా ఉన్నా దిండు సరైన చోటే ఉండి, నిద్రపోతోంది. భర్త హాల్లో కుర్చీలో నడుం పట్టుకుని కూలబడి ఉన్నాడు. చొక్కా తడిసింది, జుట్టు చెదిరింది. ఆమెను చూడగానే, ఎవరూ ఎప్పుడూ పడని కష్టం తను పడినట్టు అన్నాడు:

“పొద్దున్నుంచీ ఒక్క నిమిషం కూర్చోలేదు, తెలుసా?”

టైలరమ్మ చెప్పులు విడిచి, సంచి కొక్కేనికి తగిలించి, అతని ఎదురు కుర్చీలో కూర్చుంది.

“తెలుసు” అంది.